కల్లం దయ్యం: ఒకటి, రెండు

షూటింగులో పెళ్ళిచీర మీద పడిన ఉత్తుత్తి నెత్తురు మూడు నీళ్ళు మార్చినా పోలేదు. సబ్బు పెట్టింది, నిమ్మచెక్క రుద్దింది, చివరికి పాత బ్రష్షు తెచ్చి కూర్చుని తోమింది లూర్దురాణి. రెంటచింతల ఎండకి దొడ్లో బండ అరికాళ్ళు కాలుస్తోంది. అంచు దగ్గర గులాబీ రంగు మరక మాత్రం కదలనంటోంది. అప్పుడొచ్చాడు మొగుడు కృపానందం, ఫోను చెవికి పెట్టుకునే. చెయ్యి ఫోనుకు అడ్డం పెట్టి, "ఏమే, తొందరగా కానియ్. రేపు నరసరావుపేటలో దీపిక ఆ చీరే కట్టుకోవాల. చానెళ్ళవాళ్ళు వస్తన్నారు. ఇస్త్రీ బాగా చెయ్యి, ఆ అమ్మాయి నలిగిన గుడ్డ కట్టదు" అన్నాడు. అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు.

నలిగిన గుడ్డ కట్టదంట, మహాతల్లి! ఆ చీర ఎవరిదో, ఏ గుళ్ళో ఎవరి పక్కన నిలబడి కట్టుకున్నదో ఆయనకు గుర్తులేకేం కాదు. పన్నెండేళ్ళ కిందట ఆ తెల్లచీర కట్టుకుని, తల మీద తెల్ల ముసుగేసుకుని, ఫాదర్ గారి ముందు ఈయన వేలికి ఉంగరం తొడిగింది లూర్దురాణి. ఈయనే తొడిగించుకున్నాడు. ఇప్పుడా చీర దీపిక ఒంటి మీద ఎంత బాగుంటుందో కూడా లూర్దురాణికి తెలుసు, ఫోటోల్లో చూసింది. చెప్పొద్దూ, కడుపు రగిలిపోయింది. ఆ రగిలేదానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టక్కర్లేదు, కుళ్ళు. అచ్చమైన కుళ్ళు. ఆరునెల్లుగా దాన్ని పెట్టుకునే వండుతోంది, దాన్ని పెట్టుకునే పడుకుంటోంది.

ఇదంతా ఎట్టా మొదలైందో చెప్పాలి. కృపానందానికి రెంటచింతల సెంటర్లో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గుళ్ళో పండగలు వీడియోలు తీస్తాడు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం నలభై రోజులూ కథోలికుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళుండవు గనక సగం పని ఆగిపోతుంది. మూడేళ్ళ కిందట అట్టాంటి ఖాళీ రోజుల్లోనే ఆయనకు సినిమా తియ్యాలని బుద్ధి పుట్టింది. సినిమా అంటే నలభై నిమిషాలది, యూట్యూబులో పెట్టేది. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఒక దయ్యం ఉంటుంది. తప్పతాగి కాయలెత్తుకుపోదామని వచ్చిన కుర్రాళ్ళను పట్టుకుని, కూర్చోబెట్టి, తెల్లారేదాకా వాళ్ళచేత రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తుంది. అంతే కథ. భయపెడుతుంది, నవ్విస్తుంది. పేరు 'కల్లం దయ్యం'. దయ్యానికి పిడుగురాళ్ళ అమ్మాయిని మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి కల్లం దాకా వచ్చి, ఎండ చూసి, వచ్చిన ఆటోలోనే తిరిగెళ్ళిపోయింది.

లూర్దురాణి ఆ పూట పక్క కల్లంలోనే ఉంది. స్టూడియో మీద ఇల్లు గడవక, నాగేంద్రమ్మ కూలి ముఠాతో కాయలేరడానికి పోతుంది ఏటా. మధ్యాహ్నం ఆ పని మధ్యలో లేచి ఇంటికి పరిగెత్తి, సినిమావాళ్ళు తొమ్మిదిమందికీ అన్నం క్యారియర్లు తెచ్చింది. క్యారియర్లు కింద పెడుతుంటే కృపానందం ఆమెను కింది నుంచి పైకి చూశాడు. "ఏమే, అరగంట నిలబడరాదూ? ముఖం నిండా జుట్టేసుకుంటే నువ్వని ఎవరికి తెలుస్తది?" అన్నాడు. దయ్యానికి తెల్లచీర కావాలి. ఇంట్లో పెట్టెలో పెళ్ళిచీర ఉంది. అత్త ఇన్నాసమ్మ గుళ్ళో సిలువమార్గం ప్రార్థన చేసుకుంటున్న సమయం చూసి అమ్జద్ బండి మీద పోయి తెచ్చాడు. అమ్జద్ బండ్లు బాగుచేసే మెకానిక్కు, సినిమాలో పెద్దదొంగ వేషం అతనిదే. పట్టపగలు రెండింటికి తీసి, కంప్యూటర్లో రంగు తగ్గించి, దాన్ని అర్ధరాత్రి చేశాడు కృపానందం. చెమటకు ముఖం మీద పౌడరు చారలు కట్టింది. అదే బాగుందన్నాడు.

ఎట్టా నడవాలో ఎవరూ చెప్పలేదు. పొద్దున్నుంచీ కాయలేరిన చేతులు మంటలెత్తిపోతున్నాయి. మిరపకాయల చేతులు ఒంటికి తగలకూడదు, ముఖానికసలు తగలకూడదు, ఈ సంగతి పల్నాడులో పుట్టిన ఏ ఆడపిల్లకూ చెప్పక్కర్లేదు. వేళ్ళు విడదీసి, రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని నడిచింది. జుట్టొచ్చి కళ్ళల్లో పడితే చేత్తో తోసుకోలేక మూతి వంకర చేసి ఉఫ్ అని ఊదుకుంది. ఒకసారి ఊదితే పోలేదు, రెండోసారి తల విదిలించి ఊదింది. దయ్యానికి మాటలే రాయలేదు కృపానందం. నాగేంద్రమ్మ రోజూ తమ మీద అరిచే అరుపే ఆమె నోట్లోంచి వచ్చేసింది. "ఎరుపు ఇటు, తాలు అటు. చేతులు ఆడనియ్యండి!" అమ్జద్ నిజంగానే గతుక్కుమని కాయల గుట్ట మీద కూలబడ్డాడు. లేస్తా లేస్తా ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు, ఇంకేముంది, కల్లం చుట్టూ కుప్పిగంతులు. అప్పుడు నవ్వింది లూర్దురాణి. పొట్ట పట్టుకోవడానికి కూడా చేతులు పనికిరాక, అట్టాగే చేతులు చాపుకుని, తల ఎత్తి, గొంతు పగిలేట్టు నవ్వింది. ఇంట్లో ఆమె ఎప్పుడూ అట్టా నవ్వలేదు. గిన్నె జారి పడితే వచ్చిన చిన్న నవ్వుకే 'ఏందా ఇకిలింపు, మగాళ్ళున్న కొంపలో' అనేది అత్త. ఆ రోజు మాత్రం ఎవరూ ఆపమనలేదు, కెమెరా తిరుగుతోంది గనక.

ఆ సినిమాని ఇరవై లక్షలమంది చూశారు. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పిల్లలు చేతులు చాపుకుని ఉఫ్ ఉఫ్ అని తిరిగారు. పేర్లు పడేచోట మాత్రం 'దయ్యం పాత్రలో' అని రాసి పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టాడు కృపానందం. "పెళ్ళి వీడియోలు తీసుకునే బతుకు మనది. ఫోటోగ్రాఫరు పెళ్ళాం దయ్యం వేసిందంటే శుభకార్యానికి ఎవడన్నా పిలుస్తాడా?" అన్నాడు. అత్తకు ఎట్టాగో తెలిసిపోయింది. "తపస్సుకాలంలో, సిలువమార్గం జరిగే పూట, పెళ్ళిచీర కట్టుకుని దయ్యం వేషమేస్తావా? గుళ్ళో మరియదళం ఆడవాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలే? ఈ మాట గడప దాటిందంటే చూడు" అని సిలువ మీద ఒట్టేయించింది. కూతురికి కూడా చెప్పనివ్వలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, తల్లి ముందే జుట్టు ముఖం మీద వేసుకుని ఉఫ్ అని ఊది, "అమ్మా, నీకు రాదు, నేను నేర్పనా?" అనేది. లూర్దురాణి నేర్చుకుంటున్నట్టు నటించేది.

అన్నం ఉడికేంతసేపూ పొయ్యి పక్కన నిలబడి కామెంట్లు చదువుకునేది. వేలకు వేలు. 'ఎవరండీ ఆ దయ్యం, అవార్డు ఇవ్వాలి.' 'హైదరాబాదు ఆర్టిస్టంట.' 'ఆ చేతులు చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది, ఎందుకో తెలీదు.' ఆ ఆఖరిది చదివినరోజు అన్నం అడుగంటింది, మాట పడింది. ఒక్కటే అడగాలనుకుంది మొగుణ్ణి. ఆ మూడు ప్రశ్నార్థకాలు తీసేసి నా పేరు రాయవా అని. పన్నెండేళ్ళలో బంగారం అడగలేదు, చీరలు అడగలేదు, ఇది అడుగుదామనుకుంది. అడగడానికి మంచి సమయం కోసం చూస్తుండగానే రెండో భాగం వచ్చిపడింది.

నరసరావుపేట పత్తి వ్యాపారం రవిశంకర్ ముందుకొచ్చాడు. ఈసారి రెండుగంటల సినిమా, నిజం థియేటరు. కృపానందం వారం రోజులు ఇంట్లో కాళ్ళు నేల మీద పెట్టలేదు. దయ్యం సంగతి తననే అడుగుతాడని లూర్దురాణి ఎదురుచూసింది. కాదంటానేమో అన్నట్టు బెట్టు కూడా ఎట్టా చెయ్యాలో మనసులో అనుకుని పెట్టుకుంది, పిచ్చిది. అడగలా. ఒకరోజు అన్నం కలుపుకుంటా ఆయనే అన్నాడు, "ఈసారి పెద్ద తెర కదా, దయ్యానికి ముఖం కావాల. నరసరావుపేటలో దీపికని ఒకమ్మాయి, రీల్సులో మంచి పేరుంది. ముఖం ఉన్న మనిషి." మజ్జిగ పోస్తున్న లూర్దురాణి, మరి నాదేందయ్యా అని అడగలేకపోయింది. మజ్జిగ పళ్ళెం దాటి కింద పోయింది.

ఆ ముఖమున్న మనిషి పదిరోజులు వాళ్ళింటికే వచ్చింది, నడక నేర్చుకోవడానికి. ఇరవైరెండేళ్ళ పిల్ల. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పొగరు లేదు, 'అక్కా అక్కా' అంటా వెనకే తిరిగేది. అదింకా మంట. పొగరుంటే తిట్టుకోవడానికన్నా వీలుండేది. ఆ చేతులున్నాయే, కడిగిన ముల్లంగి దుంపల్లాగా తెల్లగా, మెత్తగా, గోళ్ళకు రంగు. కోడలికి మంచినీళ్ళివ్వని అత్త దీపికకు చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కృపానందం 'దీపికగారూ' అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ 'ఏమే' తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు ఆ నోరు! రోజుకు పదిహేనుమందికి వండి, గిన్నెలు తోమి, మధ్యాహ్నం దొడ్లో దీపికను నడిపించేది లూర్దురాణి. భుజం ఇట్టా, వేళ్ళు ఇట్టా, తల కొంచెం పక్కకు. పిల్ల తొందరగానే పట్టుకుంది. ఒకరోజు ఆగి అడిగింది. "చేతులు ఎందుకక్కా ఇట్టా పట్టుకోవాల? దాని వెనక ఏమన్నా ఉందా?" లూర్దురాణి నోటిదాకా వచ్చింది మాట. దీపిక గోళ్ళ రంగు చూసింది. మింగేసింది. "ఏం లేదమ్మా. దయ్యం కదా, ఊరికే" అంది.

అది చిన్న అబద్ధమే. కానీ దాన్ని దాచుకున్నప్పుడు ఆమెకు ఎంత తృప్తిగా ఉందో, తన తృప్తి చూసి తనకే భయమేసింది.

పోయినవారం అసలు దెబ్బ తగిలింది. ఒక చానెల్లో దీపికనూ కృపానందాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించారు. యాంకరమ్మాయి కళ్ళు తిప్పి, "మొదటి పార్టులో ఆ జుట్టు వెనకాల ఉన్నది కూడా మీరేగా? మాకు తెలిసిపోయిందిలెండి" అంది. దీపిక నవ్వి తలొంచుకుంది. కృపానందం కాదనలేదు, మీసం సవరించుకున్నాడు. ఆ రాత్రికల్లా కామెంట్లు మారిపోయాయి. 'రెండిట్లోనూ దీపికే, సూపర్.' వేలకు వేలు. ఇంతకాలం ఆ మూడు ప్రశ్నార్థకాల్లోనే ఉన్నానని లూర్దురాణి సరిపెట్టుకుంది. ఎవరో తెలియని మనిషిగా ఉండటం వేరు, ఇంకొకతె అయిపోవడం వేరు కదా. రేపు చానెళ్ళ ముందు ఇదే మాట ఇంకోసారి అంటే ఇక రాయి మీద గీతే. తను చచ్చిపోయినా ఆ దయ్యం దీపికే.

ఆదివారం గుళ్ళో తొలిపూజ చూసుకుని బయలుదేరారు. కార్లో చోటు లేదన్నాడు కృపానందం. చీర మాత్రం ఇస్త్రీ మడతల మీద, హ్యాంగరుకు తగిలించి, కారు కిటికీ దగ్గర కూర్చుని వెళ్ళింది. లూర్దురాణి నాగేంద్రమ్మ ముఠా ఆడవాళ్ళతో బస్సెక్కింది. అత్త రానంది, దయ్యాల సినిమాకు ఆదివారమా అని. నరసరావుపేటలో దిగేసరికి పదకొండు. థియేటరు బయట పెద్ద బొమ్మ. తన పెళ్ళిచీరలో దీపిక, మూడు నిలువులెత్తున. లోపల తమకంటే రెండు వరసలు ముందు, అదే చీర, మనిషి రూపంలో, కృపానందానికీ రవిశంకర్‌కీ మధ్యలో కూర్చుంది.

సినిమా మొదలైంది. లూర్దురాణి ఒక్కో సీనూ తీసుకుని మొదటిదాని పక్కన పెట్టి చూసుకుంది. అసూయపడే మనిషంత శ్రద్ధగా సినిమా ఎవరూ చూడరు. మొదటిదాంట్లో కల్లం మీద నుంచి ఒక మేక నడిచిపోయేది, తోలే తీరికలేక ఉంచేశారు. దీంట్లో డ్రోను ఎగిరింది, ఊరంతా కనపడింది, కాయలన్నీ ఒకే ఎరుపు, ఒక్క తాలుకాయ లేదు. తాలుకాయ లేని కల్లంలో దయ్యానికేం పని? మొదటిదాంట్లో దయ్యం ఎందుకు చచ్చిందో ఎవరూ చెప్పరు. అది ఉంటుంది, పని చేయిస్తుంది, అంతే. దీంట్లో దానికి ఒక ప్రియుడు. మోసపోయిందంట, బావిలో దూకిందంట. చెట్టు కింద పాట పాడింది, ఏడ్చింది. దొంగల్ని పట్టుకున్నా ఇదివరకట్టా కూర్చోబెట్టి పని చేయించదు. హీరో వచ్చి కళ్ళల్లోకి చూడగానే మెత్తబడిపోతుంది. చూస్తా చూస్తా లూర్దురాణికి దయ్యం మీద జాలేసింది. ఎట్టాంటి దాన్ని ఎట్టా చేశారురా అనుకుంది. కానీ దీపిక బాగుంది. ఆ మాట ఒప్పుకోకుండా ఉండటానికి చానా కష్టపడింది, కుదర్లేదు. ఆ ముఖం తెరనిండా ఉంటే కళ్ళు తిప్పుకోలేకపోతోంది.

అప్పుడొచ్చింది కల్లం సీను. దయ్యం కాయల గుట్టలోంచి లేచింది. రెండు చేతులూ కాయల్లో ముంచి, పిడికెళ్ళతో ఎత్తి జారవిడిచింది. నడిచింది. భుజం అదే, వేళ్ళు అవే, తల అదే. జుట్టు కళ్ళమీద పడింది. దీపిక ఎంతో నాజూగ్గా, ఆ కాయల చేత్తోనే, జుట్టు కళ్ళ మీద నుంచి పక్కకు తోసుకుంది. తోసుకుని కన్ను తుడుచుకుంది.

"అయ్యో అయ్యో, కళ్ళు పోతయ్యే పిల్లా!" అని నాగేంద్రమ్మ సీట్లోంచి లేచి అరిచింది. హాల్లో ఆడవాళ్ళ వైపు గొల్లుమంది. వెనక వరసలో ఎవరో, "మజ్జిగ తెండమ్మా దయ్యానికి!" అన్నారు. ఆ సీను భయపడాల్సిన సీను. ఎవరూ భయపడలేదు. "ఇది జన్మలో కాయ ముట్టలేదు. మొదటి దయ్యం ఇది కాదు. అది మన కల్లం మనిషి" అని ఒకావిడ పక్కావిడకు తేల్చి చెప్పింది. లూర్దురాణి ఆనందం పట్టలేకపోయింది. దీపికకు ఇట్టా పడాల్సిందే అనుకుంది. రెండు వరసల ముందు దీపిక మెడ ఎర్రబడటం చూసింది. కృపానందం ఆ పిల్ల వైపు తిరిగి ఏదో గద్దిస్తున్నాడు. చూస్తే ఆనందం సగానికి సగం దిగిపోయింది. ఆ తప్పు దీపికది కాదు, తను మింగేసిన ఒక్క మాటది. దిగిపోయినా మిగతా సగం మాత్రం ఉండనే ఉంది.

నాగేంద్రమ్మ కూర్చుని, తెర వైపే చూస్తా, మామూలుగా అంది. "ఆ చేతులు ఎవరివో మూడేళ్ళ కిందటే తెలుసు నాకు. నా ముఠాలో చేతులు నాకు తెలియవా? నా అరుపే అరిచావు కూడా. నువ్వు చెబుతావేమోనని చూస్తన్నా."

"ఒట్టేయించారు పిన్నీ."

"ఒట్టుకేం, ఎవరైనా ఏయిస్తారు" అంది నాగేంద్రమ్మ.

ఆ వెంటనే తెర మీద దయ్యం నవ్వింది. దీపిక నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చింది లూర్దురాణి నవ్వు. తల ఎత్తి, గొంతు పగిలేట్టు నవ్విన ఆ నవ్వే. హాలు మొత్తం నిశ్శబ్దం అయింది, రెండుగంటల్లో మొట్టమొదటిసారి భయపడ్డారు. తర్వాత చప్పట్లు, ఈలలు. చీర తీసుకున్నారు, నడక తీసుకున్నారు, గొంతులోంచి నవ్వు కూడా తీసుకుని ఇంకో నోట్లో పెట్టారు. ఇంట్లో వద్దన్న నవ్వు. మాటమాత్రం చెప్పలేదు.

సినిమా అయ్యాక మెట్ల దగ్గర దీపిక ఆగి ఉంది. కాటుక కారింది. జనం పక్కనుంచి దిగిపోతున్నారు. "అక్కా, చెయ్యి ముఖానికి తగలకూడదని నీకు తెలుసు. నేను అడిగాను కూడా. చెప్పలా" అంది.

"చెప్పలా."

"ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. మర్చిపోయాననొచ్చు. "కుళ్ళమ్మా. నీమీద కుళ్ళు" అంది లూర్దురాణి. చెప్పాక ఆరునెల్ల బరువు దిగినట్టయింది.

దీపిక కారిన కాటుక తుడుచుకుంది. "నాకూ అంతేలే అక్కా" అంది. "నేను నాలుగురోజులు గొంతు పోయేట్టు నవ్వి డబ్బింగు చెప్పాను. సార్ బాగుందన్నారు. ఇవాళ హాల్లో కూర్చుంటే ఆ నవ్వు నాది కాదు. వచ్చిన చప్పట్లన్నీ దానికే. ఎవరిదా అని ఏడుపొచ్చింది. నీదని నీ ముఖం చూస్తే తెలిసింది." మెట్లు దిగుతా దీపిక చీర కుచ్చెళ్ళు తొక్కుకుంటుంటే లూర్దురాణి వంగి సర్దింది, అలవాటు కొద్దీ.

బయట మిట్టమధ్యాహ్నం ఎండ. ముగ్గురు నలుగురు మైకులు పట్టుకుని నిలబడ్డారు, చుట్టూ ఫోన్లు. రవిశంకర్ స్వీట్లు పంచుతున్నాడు. ఒక విలేకరి దీపిక ముందు మైకు పెట్టాడు. "మేడమ్, మొదటి పార్టులో దయ్యం మీరేనా కాదా? లోపల ఆడవాళ్ళు చేతులు వేరంటన్నారు?" కృపానందం పక్కనుంచి చిరునవ్వు మొదలుపెట్టాడు, పోయినవారం నవ్విన నవ్వే.

"కాదండీ" అంది దీపిక. "మొదటిది నేను కాదు. ఇందులో నవ్వు కూడా నాది కాదు." ఎవరిదో చెప్పలేదు. చెప్పకుండా మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, ఆ జాగా ఖాళీగా వదిలింది.

జనం గుసగుసలాడారు. కృపానందం ఒక్క క్షణం తడబడ్డాడు. పెళ్ళి వీడియోలు తీసినవాడు, తాళి కట్టే సమయంలో కరెంటు పోయినా సర్దుకోగల మనిషి. చటుక్కున మైకు అందుకున్నాడు. "అది సస్పెన్సండీ! మొదటి దయ్యం ఎవరనేది మా కంపెనీ రహస్యం. ఇవాళ మీ అందరి ముందూ ప్రకటిస్తున్నా, మూడో పార్టులో మళ్ళీ ఆ ఆర్టిస్టునే దించుతున్నాం. ముఖం మాత్రం చూపించం! ఎవరో కనుక్కోండి చూద్దాం." ఈలలు పడ్డాయి. ఆ ఈలల మధ్యలో ఆయన జనం మీదుగా లూర్దురాణిని వెతుక్కుని చూశాడు, కనుబొమలెగరేశాడు. చూశావా, నీకూ వేషమిచ్చా అన్నట్టు. చెప్పాపెట్టకుండా నలుగుర్ని భోజనానికి తెచ్చినప్పుడు వంటింటి గుమ్మంలోంచి చూసే చూపు కూడా ఇదే.

నాలుగురోజుల కిందటైతే ఆ చూపుకు ఆమె పొంగిపోయేది. ఇవాళ లోపల వెతుక్కుంటే దీపిక మీద కుళ్ళు కొంచెం మిగిలే ఉంది. ఆ పిల్ల ముఖం చూసి మాత్రం కాదు. కృపానందం పోయి ఆ పిల్లను, ఈ వేషం వేస్తావా అని అడిగాడు. వేస్తానో వెయ్యనో చెప్పడానికి ఆ పిల్లకు రెండురోజులు టైం ఇచ్చాడు. తనను ఎవరు అడిగారు? కల్లంలో నిలబడమన్నాడే గానీ అడగలేదు, చీరకు అడగలేదు, నవ్వుకు అడగలేదు. మూడోదానికి ఊరంతటికీ చెప్పాడు, తనకు తప్ప.

మైకు వైపు నడిచింది. చేతులు చాపలేదు, ఏం చెయ్యలేదు, బజారుకు పోయే మనిషి నడిచినట్టే నడిచింది. కృపానందం పళ్ళ మధ్యనుంచి, "ఏమే, ఏందిది, ఇంటికి పోయాక మాట్లాడుకుందాం" అన్నాడు. విలేకరి అర్థంకాక మైకు ఆమె వైపు తిప్పాడు.

"సస్పెన్సేం లేదండీ" అంది. "నా పేరు లూర్దురాణి. మాది రెంటచింతల. కాయలేరతాను. వీరి భార్యని. మొదటి దయ్యం నేనే. ఇవాళ మీరు విన్న నవ్వు కూడా నాదే."

వెనక నుంచి ముఠా ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. ఫోన్లన్నీ ఇటు తిరిగాయి. విలేకరి మొహం వెలిగిపోయింది. "అయితే మేడమ్, మూడో పార్టులో మీరేనన్నమాట! కన్ఫామేనా?"

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన తల గబగబా ఊపుతున్నాడు, అవునని చెప్పు అవునని చెప్పు అని.

"ఏమోనండీ" అంది లూర్దురాణి. "నన్నింకా ఎవరూ అడగలేదు. ముందు అడగనియ్యండి. ఆలోచించుకోవాల."